రెండో చరణం ఆవిడది

జూన్ 2

మా ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఒక అకార్డియన్ కోసం. అది కూడా ఏడాదిగా పెట్టె మూత తియ్యని అకార్డియన్ కోసం.

ఎవరికైనా చెబితే నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఏడాది పాటు ఎవరూ ముట్టుకోని వస్తువు మనది కాదు, అవసరమున్న వాళ్ళది. ఏటా ఎండాకాలం ఆఖర్లో ఇల్లంతా గాలించి అలాంటివన్నీ ఇచ్చేస్తాను. రెండో మంచం అలాగే పోయింది. గోడ గడియారం, చేతులు లేని కుర్చీ, ఆవిడ ఎత్తుమడమల చెప్పులు అలాగే పోయాయి. ఇద్దరు మనుషులకి రెండు గదులు, నాలుగు గిన్నెలు, తలా మూడు జతల బట్టలు చాలు. లోకంలో సగం మందికి అవీ లేవు. ఈ మాట ఆవిడకి ఎన్నిసార్లు చెప్పానో! చెప్పినప్పుడల్లా తలూపింది కూడా.

ఈసారి ఒక రెయిన్‌కోటు, ఒక లాంతరు, అకార్డియన్ తేలాయి. ఆవిడ డ్యూటీలో ఉన్నప్పుడు సైకిల్ మీద పెట్టుకెళ్ళి వృద్ధాశ్రమంలో ఇచ్చొచ్చాను. సాయంత్రం ఆవిడ వచ్చి బీరువా పైకి చూసింది. అక్కడ దుమ్ము లేని చదరం ఒకటి మిగిలి ఉంది.

"ఎక్కడ?" అంది.

చెప్పాను. చేతులు కడుక్కుంది. టీ పెట్టుకుని నిలబడే తాగింది. అరుస్తుందేమో అని సిద్ధంగా ఉన్నాను. అరవలేదు.

"ఏడాదిగా నువ్వు నా మాట ఒక్కటీ చెవిన పెట్టలేదు. నీ నియమం ప్రకారం నేనూ నీదాన్ని కాను. నన్నెవరికిస్తావో ఆలోచించుకో. ఈలోగా మా చెల్లి వాడుకుంటుంది."

మాటలు బాగా నేర్చింది. ఆసుపత్రి రక్తనిధిలో పొద్దున్నించి సాయంత్రం దాకా జనానికి సూదులు గుచ్చుతుంది కదా, ఆ అలవాటు నోటికీ వచ్చింది. ఆదివారానికి తిరిగొస్తుంది.

జూన్ 3

ఇల్లు హాయిగా ఉంది.

జూన్ 4

ఇల్లు చాలా హాయిగా ఉంది.

జూన్ 6

ఇవాళ ఆసుపత్రి జనరల్ వార్డులో వాయించాను. నెలకోసారి వాయిస్తాను, ఉచితంగా. వీపు మీద పెద్ద డ్రమ్ము, దాన్ని కొట్టే కర్రకి తాడు, ఆ తాడు నా కుడి మడమకి. డ్రమ్ము నెత్తిన తాళాలు, వాటి తాడు ఎడమ మోకాలికి. ఎడమ కాలికి గజ్జెలు, మెడలో తీగ, తీగకి మౌతార్గాన్, చంక కింద పాత కారు హారన్, చేతుల్లో మాండలిన్. కరెంటు అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, ఇంకో మనిషి అక్కర్లేదు. ఒక పత్రికవాళ్ళు నన్ను 'నడిచే బృందం' అన్నారు. ఆ కాగితం కూడా దాచుకోలేదు నేను.

కాకపోతే డ్రమ్ము బెల్టు బకిల్ వీపు వెనక ఉంటుంది. గోడకి ఆనించి చూశాను, తలుపు గడియకి తగిలించి చూశాను, కుదర్లేదు. చివరికి కింది వాటాలో ఉండే లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. రిటైరై ఏళ్ళయినా నన్ను చూస్తే బెత్తం వెతుక్కునే రకం ఆయన.

"ఒక్కడివే వాయిస్తావంటారు కదయ్యా. కట్టుకోడానికి ఇంకోడు కావాలా?" అన్నాడు.

"రోజూ మా ఆవిడ పెడుతుంది."

"అదే అడుగుతున్నా. ఆవిడేది?"

"వాళ్ళ చెల్లెలికి ఒంట్లో బాలేదు."

"మొన్న పెట్టె పట్టుకుని మెట్లు దిగుతుంటే నేనే పలకరించాను. ఎవరికీ ఏ జబ్బూ ఉన్నట్టు లేదే. కులాసాగా నవ్వుతూ వెళ్ళింది."

బకిల్ ఎంత గట్టిగా బిగించాడంటే వార్డు చేరేదాకా నాకు ఊపిరాడలేదు. కావాలనే బిగించాడు.

వాయించడం బాగానే జరిగింది. కాలు విరిగినాయన మంచం మీదే ఊగాడు. బయటికొస్తూ దగ్గరి దారి కదా అని రక్తనిధి వైపు నుంచి వచ్చాను. అది దగ్గరి దారి కాదు. అద్దం తలుపులోంచి ఆవిడ కనబడింది. ఎవరో కుర్రాడి చేతికి దూది అద్దుతూ ఏదో చెప్పి నవ్విస్తోంది. డ్రమ్ముతో ఆ తలుపులో పట్టను కాబట్టి లోపలికి వెళ్ళలేదు.

జూన్ 8

ఆదివారం. రాలేదు.

జూన్ 9

ఫోన్ కూడా చెయ్యలేదు. చేద్దామన్నా నాకు ఫోన్ లేదు, ఎప్పుడూ లేదు, అది నా గొప్ప. నన్ను వాయించడానికి పిలిచేవాళ్ళంతా ఆవిడ ఫోన్‌కే చేస్తారు. ఆవిడ తేదీలు గుర్తుపెట్టుకుని పొద్దున్నే నాకు చెబుతుంది. ఇప్పుడు ఎవరు పిలుస్తున్నారో, పిలవడం లేదో నాకు తెలియదు. బస్ డిపో సెక్రటరీ పొద్దున ఒళ్ళంతా చెమటలతో మెట్లెక్కి వచ్చాడు.

"అన్నా, నువ్వు రావడం లేదని ఎవరన్నారు?" అన్నాడు.

"ఎవరూ అనలేదే."

"అక్కకి ఫోన్ చేశాను. 'ఆయన సంగతి ఆయన్నే అడగండి' అంది. ఏమైందన్నా?"

"ఏమీ కాలేదు. చెల్లెలికి ఒంట్లో బాలేదు."

జీతాలు ఆపినందుకు డిపోవాళ్ళు సభ పెడుతున్నారట, వచ్చే నెల మొదట్లో. హమాలీల బస్తాల పాట వాయించాలట. వాయిస్తానన్నాను. అక్క కూడా వస్తే బాగుంటుందని మెట్లు దిగుతూ రెండుసార్లు అన్నాడు. వీళ్ళందరికీ అక్క కావాలి. డ్రమ్ము మోసేది నేను.

జూన్ 12

మా తోడల్లుడు వచ్చాడు. ఆవిడ చెల్లెలి మొగుడు. స్పీకర్ల షాపు ఉంది. లోకంలో ఉన్న రొద చాలదన్నట్టు దాన్ని పదింతలు చేసి అమ్ముతాడు. మనిషి కూడా అలాగే మాట్లాడతాడు. గుమ్మంలో గొంతు విప్పితే మూడో అంతస్తు దాకా వినబడుతుంది.

"అన్నయ్యా, వదిన డ్యూటీ కోటు, బూట్లు ఇమ్మంది."

"ఆవిడకి చేతుల్లేవా? వచ్చి తీసుకోమను."

"వస్తే నీ మొహం చూడాలంట." చూసుకోకుండా కూర్చోబోయాడు, కుర్చీ లేదు. లేచి నిలబడ్డాడు. "ఏంటన్నయ్యా ఇది, ఇల్లా, రైల్వే ప్లాట్‌ఫారమా? ప్లాట్‌ఫారం మీద బల్ల అన్నా ఉంటుంది."

"మాకు ఇంతే చాలు."

"నీకు చాలు. మా ఇంట్లో సోఫాలో కాళ్ళు చాపుకుని వదిన ఎంత సుఖంగా కూర్చుంటోందో చూస్తే జాలేసింది నాకు. అన్నయ్యా, నీకంటే చిన్నవాణ్ణి, ఒక్క మాట. వెళ్ళి ఆ అకార్డియన్ అడిగి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టు. గొడవ వదిలిపోతుంది."

"ఇచ్చిన వస్తువు మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఇప్పుడున్న మొహమే పెట్టుకుని అడుగు. అదేం పాడవదులే."

కోటూ బూట్లూ చేతిలో పెట్టి తలుపేశాను. తలుపు కొంచెం గట్టిగానే వేశాను. మాస్టారు కిందనుంచి కర్రతో కప్పు మీద కొట్టాడు.

ఒక సంగతి రాసుకోవాలి. ఆ అకార్డియన్ ఆవిడది. పెళ్ళికి ముందునించీ ఆవిడదే. మొదట్లో ఇద్దరం కలిసే వాయించేవాళ్ళం, నేను మాండలిన్, ఆవిడ అకార్డియన్. సరుకుల గోడౌన్ గేటు దగ్గర హమాలీల కోసం బస్తాల పాట కట్టింది ఇద్దరం కలిసే. మొదటి చరణం మాండలిన్, రెండో చరణం అకార్డియన్ ఒక్కటే, మూడోది ఇద్దరం. తరవాత డ్రమ్ము వచ్చింది, గజ్జెలు వచ్చాయి, మౌతార్గాన్ వచ్చింది. ఆవిడకి డ్యూటీలు పెరిగాయి. తనంతట తనే మానేసింది. పిల్లలు వద్దనుకున్నట్టే, ఇదీ ఇద్దరం అనుకున్నదే.

పిల్లలు వద్దన్నది నేను.

జూన్ 13

ఇచ్చినదాన్ని తిరిగి అడగడం నా వల్ల కాదు. చచ్చినా అడగను.

జూన్ 15

ఆదివారం. వృద్ధాశ్రమానికి వెళ్ళాను. అడగడానికి కాదు, వాళ్ళకి వాయించి చాలా కాలమైందని.

నా అకార్డియన్ అక్కడ వరండా తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. దాని మీద ఉతికిన దుప్పట్లు మడతపెట్టి పేర్చారు. రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరైన పెద్దాయన ఒకడు దాని పక్కన కూర్చుని తిత్తి తెరవకుండానే మెట్లు నొక్కుతున్నాడు. శబ్దం రాదు. అయినా నొక్కుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక వాయిద్యాన్ని తలుపుకి అడ్డం పెడతారా! వార్డెనమ్మని పిలిచి కడిగేద్దామనుకున్నాను. ఆవిడే ముందు అందుకుంది.

"వచ్చారా బాబూ! దీన్ని తీసుకెళ్ళిపోదురూ, మీకు పుణ్యముంటుంది. ఇక్కడెవరికీ రాదు. ఒకాయన తీసి మోగించాడు, ఇద్దరికి బీపీ పెరిగింది. ఎవరికిద్దామన్నా మీరేమనుకుంటారో అని ఆగాం."

ఆగారట! నేను పది రోజులుగా ఏ మొహంతో అడగనా అని నలిగిపోతుంటే, వీళ్ళు ఏ మొహంతో వదిలించుకోనా అని ఆగారు. ఒక్క మంచిమాట అనలేదు. నేను ఇచ్చిందేమన్నా చెత్తా? ఆ కోపంలో వాయించడం కూడా మానేసి, దుప్పట్లు పక్కన పడేసి, దాన్ని సైకిల్‌కి కట్టుకుని వచ్చేశాను. పెద్దాయన గేటు దాకా వెనకాలే వచ్చాడు.

రేపే ఆవిడకి ఇచ్చెయ్యచ్చు. కానీ మురికిగా ఉంది. తుడిచి ఇస్తాను.

జూన్ 16

తుడిచాను. తిత్తి మడతల్లో దుమ్ము. పాత టూత్‌బ్రష్‌తో తీశాను.

జూన్ 17

తుడిచాక పనిచేస్తుందో లేదో చూడాలి కదా. వాయించి చూశాను. మెట్లన్నీ పలుకుతున్నాయి, కింద ఒకటి మాత్రం గురక పెడుతోంది.

జూన్ 18

ఇంకోసారి చూశాను, పరీక్షకే. కూర్చుని వాయిస్తే రెండు చేతులూ దానికే పోతాయి. అది దీంట్లో ఉన్న లోపం. తిత్తిని మోకాలితో లాగగలిగితే ఒక చెయ్యి మిగులుతుంది. ఆ చేత్తో మాండలిన్ పట్టదు గానీ హారన్ పడుతుంది.

జూన్ 19

అడుగున చిన్న కొక్కెం బిగించాను. రెండే రెండు మరలు. దానికి తోలుపట్టీ వేసి మోకాలికి కడితే తిత్తి దానంతటదే తెరుచుకుంటోంది! సాయంత్రం దాకా వాయించాను. ఇన్నేళ్ళు చేతిలో పెట్టుకుని ఆవిడకి ఈ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అదీ ఆవిడకీ నాకూ ఉన్న తేడా. మాస్టారు కప్పు మీద కొట్టలేదు. పైకొచ్చి అడిగాడు, "ఆవిడ తిరిగొచ్చిందా?" అని.

"లేదు, నేనే."

"అదీ, అనుకున్నా," అని దిగిపోయాడు. ఏమనుకున్నాడో చెప్పలేదు.

జూన్ 21

ఇచ్చాను.

తోడల్లుడి ఇల్లు షాపు పైనే. మెట్లెక్కుతుంటే గోడలు అదురుతున్నాయి, కింద ఎవరికో స్పీకరు చూపిస్తున్నట్టున్నాడు. మా మరదలు తలుపు తీసింది. నన్ను చూసి, చేతిలో పెట్టె చూసి, "అక్కా, బావ వచ్చాడు. చేతిలో సామాను కూడా ఉంది!" అని లోపలికి కేకేసింది. నా మీద ఈ ఇంట్లో జోకులు తయారవుతున్నాయని అర్థమైంది.

ఆవిడ వచ్చింది. కొంచెం ఒళ్ళు చేసినట్టుంది. నేను పెట్టె ఆవిడ ముందు పెట్టాను. క్షమించమని అడగలేదు, అడిగే తీరులో పెట్టాను. ఆవిడ మూత తీసింది. మెట్ల మీద చెయ్యి వేసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంక అయిపోయింది, సామాను సర్దుకుంటుంది అనుకున్నాను. అంతలో ఎత్తి ఒళ్ళో పెట్టుకోబోతే కొక్కెం మోకాలికి గుచ్చుకుంది.

"ఇదేంటి?"

"మోకాలితో తిత్తి లాగడానికి. చాలా బాగా పనిచేస్తోంది. నువ్వెప్పుడూ ఆలోచించలేదు గానీ…"

ఆవిడ కొక్కెం వంకే చూస్తూ కూర్చుంది. మరదలు వంటింట్లోకి తప్పుకుంది.

"నాకివ్వడానికి తెచ్చావా, నీకు ఏడోదిగా తగిలించుకున్నాక చూపించడానికి తెచ్చావా?"

"నీకే."

"నేనెందుకు మానేశానో తెలుసా నీకు?"

"డ్యూటీలు ఎక్కువై."

"డ్యూటీలు కాదు. నాకు చోటు లేక. రెండో చరణం నాది. నేను మొదలుపెట్టగానే నీ కాలు మొదలవుతుంది. కాలు వెనకాల గజ్జెలు. ఆ తర్వాత నోట్లో అది. చివరికి నేను నీకు శ్రుతిపెట్టెనైపోయాను. శ్రుతిపెట్టె బీరువా మీద ఉంటేనేం, తలుపు దగ్గరుంటేనేం?"

తలుపు దగ్గర ఉందని ఆవిడకెలా తెలుసో! అడగలేదు.

"ఒకసారైనా చెప్పావా నాకు?" అన్నాను. కోపంగానే అన్నాను.

"చాలాసార్లు చెప్పాను. నువ్వు మౌతార్గాన్ వాయిస్తున్నావు."

ఆ తరవాత ఆవిడ పెట్టిన షరతు ఇది. రేపు కాదు, ఆ పై ఆదివారం రావాలి. మాండలిన్ ఒక్కటే తెచ్చుకోవాలి. కుర్చీలో కూర్చోవాలి. ఇద్దరం బస్తాల పాట వాయించాలి. రెండో చరణం మొత్తం నేను ఊరుకోవాలి.

"ఊరుకుంటే నీతో వచ్చేస్తాను. పెట్టె సర్దుకునే కూర్చుంటాను. ఊరుకోలేకపోతే ఇంక నన్ను రమ్మని అడక్కు."

ఇంతేనా! చిన్నపిల్లలకి పెట్టే పరీక్ష. వాయించడం కష్టం గానీ వాయించకపోవడం ఏం కష్టం? నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే మెట్లు దిగాను.

జూన్ 23

సాధన చేశాను. మొదటి చరణం వాయించి, రెండో చరణం మనసులో నడిపించి, మూడోది అందుకోవాలి. కాళ్ళు మఠం వేసుకుని కూర్చున్నాను, మడమ కదలకుండా.

తొందరగా అందుకున్నాను. రెండో చరణం సగంలోనే.

జూన్ 24

మడమ కదల్లేదు. అయితే గొంతులో కూనిరాగం తీస్తున్నానని తరవాత తెలిసింది. మాస్టారు చెబితే తెలిసింది. పైకొచ్చి నిలబడి చూస్తున్నాడు.

"ఏంటయ్యా, వాయించవేం?"

"వాయిస్తున్నాను మాస్టారూ. ఇప్పుడు వాయించని భాగం."

"మరి ఆ మూలుగేంటి?"

జూన్ 25

పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, రెండో చరణం మొత్తం ఊరుకున్నాను. మొదటిసారి. గెలిచాను అనుకోవాలి కదా, భయమేసింది. ఆ ఖాళీలో గది మొత్తం వినబడింది. కింది ఇంట్లో నీళ్ళు పడుతున్నాయి. మాస్టారు దగ్గుతున్నాడు. నా ఇంట్లో మాత్రం ఏ చప్పుడూ లేదు. ఆవిడ ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఏం వింటూ కూర్చునేది?

నేనంటే వాయిస్తూ ఉండేవాణ్ణి.

జూన్ 27

ఐదుసార్లు వాయిస్తే ఐదుసార్లూ ఊరుకున్నాను. ఇంక ఆవిడ ఏ సాకు చెబుతుందో చూస్తాను.

జూన్ 29

బ్రహ్మాండంగా జరిగింది. ముందుగదిలో తోడల్లుడు, మరదలు, వాళ్ళ పక్కింటి ముసలమ్మ కూర్చున్నారు. తోడల్లుడు రికార్డు చేస్తానని ఏదో పెట్టబోతే ఆవిడే వద్దంది. మొదటి చరణం నేను ఎప్పుడూ వాయించనంత శుభ్రంగా వాయించాను. ఆవిడ రెండోది వాయించింది. మూడోది ఇద్దరం. అవగానే అందరూ చప్పట్లు కొట్టారు. ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. తోడల్లుడు, "అన్నయ్యా, స్పీకరు లేకుండా ఇంత సౌండెలా తెస్తున్నారు మీరిద్దరూ!" అన్నాడు. వాడి నోట ఆ మాట వినాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది నాకు.

మా ఆవిడ, "బాగా వాయించావు," అంది.

ఇంటికి ఒక్కణ్ణే వచ్చాను.

జూన్ 30

నిన్న ఒకటి రాయలేదు.

రెండో చరణం సగం దాకా నేను రాయిలా కూర్చున్నాను. ఆవిడ ఆ చరణం వాయించి ఏడాది దాటింది. వేళ్ళు మొదట్లో తడుముకున్నాయి, తరవాత కుదురుకున్నాయి. ఆ చరణం అంత నెమ్మదిగా నడుస్తుందని నేను మర్చిపోయాను. నేను కాలు వేసి దాన్ని ఎప్పుడూ పరుగెత్తించేవాణ్ణి. హమాలీలు బస్తా దింపి ఊపిరి తీసుకునే చోటు అది. ఆ చోటు ఆవిడే కట్టింది.

చివరి వరసకి ముందు ఆవిడ తడబడింది. ఒక మెట్టు తప్పు పడింది. మళ్ళీ వెతుక్కుంది, దొరకలేదు. తిత్తి తెరిచి పట్టుకుని ఆగిపోయింది. నేను ఒక్క తీగ మీటాను. ఒక్కటే. ఆవిడ వెతుకుతున్న స్వరం అది. అందించాను, అంతే. ఆవిడ అందుకుని ముగించింది. ఎవరికీ తెలియలేదు. అందరూ పాటలో భాగమనుకున్నారు.

గేటు దాకా ఆవిడ నాతో వచ్చింది. చేతిలో సర్దిన పెట్టె లేదు.

"సాయం చేశాను," అన్నాను.

"తెలుసు."

"అలా ఆగిపోతే చూస్తూ ఊరుకోమంటావా?"

"అదే కదా నేను అడిగింది."

"ఒక్క తీగ!"

"దొరికేది నాకు. ఇంకొంచెం సేపట్లో దొరికేది. దొరక్కపోతే తప్పే వాయించేదాన్ని. ఆ తప్పు కూడా నాదే. నన్ను తప్పు కూడా వాయించనివ్వవు నువ్వు."

నేను ఏదేదో అన్నాను. కృతజ్ఞత లేదన్నాను. నలుగురిలో పరువు కాపాడితే తప్పు పట్టిందన్నాను. సోఫాకి అలవాటు పడ్డావన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ అంతా విన్నాక, మధ్యలో ఒక్క మాటైనా అనకుండా మొత్తం విన్నాక, గేటు వేసి లోపలికి వెళ్ళింది.

ఆవిడకి ఊరుకోవడం వచ్చు.

జులై 1

ఇంత చిన్న తప్పుకి ఇంత శిక్షా? ఒక్క తీగ. ఏ న్యాయస్థానంలో అడిగినా నాదే న్యాయం.

జులై 2

ఒక్క తీగ.

జులై 6

డిపో సభ.

పొద్దున మాస్టారు బకిల్ పెట్టాడు. ఈసారి వదులుగా పెట్టి, "ఊపిరాడుతోందా?" అని అడిగాడు. ఆయన మంచిగా అడిగితే ఇంకా కోపం వస్తుంది.

డిపో ఆవరణ నిండా జనం. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళు. బస్సులన్నీ ఒక పక్కకి నెట్టి, ఒక బస్సు మెట్టు మీద నన్ను నిలబెట్టారు. సెక్రటరీ మైకు తెచ్చాడు, వద్దన్నాను. "వెనకవాళ్ళకి వినబడదన్నా," అన్నాడు. "వినాలనుకున్నవాళ్ళు ముందుకొస్తారు," అన్నాను. మూతి ముడుచుకుని మైకు పక్కన పెట్టాడు.

మూడు పాటలు వాయించాను. డ్రమ్ము, తాళాలు, గజ్జెలు, హారన్, అన్నీ వాయించాను. ఈలలు, కేకలు. పిల్లలు హారన్ మోగినప్పుడల్లా ఎగిరారు. చివర్లో బస్తాల పాట అడిగారు.

మొదటి చరణం వాయించాను. ఆ చివర మాండలిన్ ఆగింది. కాలు ఆగింది. నోటి దగ్గర మౌతార్గాన్ ఉంది, పెదవులు మూసుకున్నాను.

వీపు మీద అంత డ్రమ్ము, ఒళ్ళంతా తాళ్ళు కట్టుకుని, అంత జనం ముందు నేను ఊరికే నిలబడ్డాను.

మొదట పాటలో ఇదొక తమాషా అనుకున్నారు. తరవాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "మర్చిపోయాడ్రా," అన్నాడు ఎవడో. ముందు వరసలో ఒక కండక్టరు పాపం సాయం చేద్దామని చేత్తో తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. ఇంకొకడు అందుకున్నాడు. వెనకనించి ఎవడో ఆ వరసే ఈల వేశాడు, సరిగ్గా ఆవిడ వాయించే వరస.

"నోళ్ళు ముయ్యండి!" అని అరిచాను. "ఇది నాది కాదు. మీదీ కాదు. ఊరుకోండి!"

మొత్తం ఆవరణ బిగుసుకుపోయింది. ఒక పాప ఏడ్చింది, వాళ్ళమ్మ ఎత్తుకుని పక్కకి తీసుకెళ్ళింది. సెక్రటరీ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని బస్సు పక్కన నిలబడిపోయాడు, ఇవ్వాలో వద్దో తెలియక. నేను ఆ చరణం మొత్తం, ఆవిడ నడిపించినంత నెమ్మదిగా, మనసులో విన్నాను. ఆవిడ తడబడ్డ చోటికి వచ్చాను. అక్కడ కూడా ఏమీ చెయ్యలేదు. ఆవిడ వెతుక్కుంటోంది. వెతుక్కోనిచ్చాను. మడమ ఒక్కసారి అదిరింది, తాడు బిగిసింది, అయినా కర్ర డ్రమ్ముని తాకలేదు.

తరవాత మూడో చరణం అందుకున్నాను. అది ఇద్దరిది. నా సగమే వాయించాను. సగం పాట సగంలాగే వినబడింది. అయ్యేసరికి చాలామంది టీ కొట్టు వైపు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మర్యాదకి చప్పట్లు కొట్టారు. సెక్రటరీ గ్లాసు చేతికిచ్చి, "ఒంట్లో బాలేదా అన్నా?" అన్నాడు.

"బాగానే ఉంది. నువ్వు ఆవిడకి ఫోన్ చేసి ఇదంతా చెప్పకు," అన్నాను.

చెబుతాడు. వాడు చెప్పకపోయినా ఆ జనంలో ఎవరో ఒకరు రేపు రక్తనిధి దాకా మోసుకెళతారు. డిపో మధ్యలో వెర్రివాడిలా నిలబడ్డాడని, తిట్టాడని, పిల్లల్ని ఏడిపించాడని చెబుతారు. ఆవిడ వింటుంది. తనని రమ్మని అలా చేశాననుకుంటుంది.

అనుకోనీ. రమ్మనే చేశాను.